శుక్రవారం చొక్కా

ఒళ్ళు, మనసు, ఆత్మ మూడింటినీ సమంగా చూసుకోవాలని ఈమధ్య ఎవరిని కదిపినా చెబుతున్నారు. వింటాను, తల ఊపుతాను. మా ఇంట్లో మాత్రం ఆ మూడూ ఒక్క మనిషిలో కుదరలేదు. అమ్మా నాన్నా చెరి కాస్తా పంచుకోవాల్సి వచ్చింది. ఆ పంపకంలో ఒకసారి పెద్ద గొడవ కూడా అయింది.

అప్పుడు నేను అనకాపల్లిలో డిగ్రీ చదువుతున్నాను. సెల్‌ఫోన్లు మా వీధిలోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. నాన్న బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ముందు బెల్లం వాసన ఇంట్లోకి వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. తిండి దగ్గర ఆయనకి మొహమాటం లేదు. పొద్దున్నే చద్దన్నం, కాసేపటికి టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం వేడివేడిగా ఏదో ఒకటి, వీటి మధ్యలో బుగ్గన బెల్లం పలుకు. "ఆకలేత్తే నాకు దేవుడు కూడా కనపడడే" అనేవాడు. కడుపు నిండినప్పుడు మాత్రం ఎక్కడ కనపడ్డాడని అమ్మ అడిగేది. అదీ నిజమే. ఆదివారం చర్చికి వచ్చేవాడు గానీ, ప్రసంగం మొదలవగానే వెనక బెంచీలో ఆయన తల వాలిపోయేది.

అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. వారమంతా మిషను చప్పుడు, "ఇంకా అవలేదా" అని గుమ్మంలో నిలబడే ఆడవాళ్ళు, మా గోల. శుక్రవారం మాత్రం మిషను మీద పాత చీర కప్పేసి, తలంటుకుని, తెల్ల చీర కట్టుకుని చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనకి వెళ్ళిపోయేది. సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. పాట ఎత్తేది ఆవిడే. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందని మాట పడే మనిషి, అక్కడ నోరు విప్పితే గది గదంతా లేచి నిలబడేది. ఆ ఒక్క రోజూ మా అమ్మ ఎవరి అమ్మా కాదు, ఎవరి భార్యా కాదు. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఆవిడ మొహం చూస్తే నాకు ముద్దొచ్చేది.

తర్వాత ఆవిడకి షుగరు వచ్చింది. డాక్టరు మాత్ర రాశాడు. మాత్ర తిండి కాదు కాబట్టి అది వేసుకుంటే ఉపవాసం పోదని అమ్మ తీర్మానం. శుక్రవారం అన్నం మానేసేది, మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకునేది. ఎంత బుద్ధిగా వైద్యం చేయించుకుంటున్నానో చూడమన్నట్టు మా ముందే వేసుకునేది. అది ఎంత ప్రమాదమో మాలో ఎవరికీ తెలీదు.

ఒక శుక్రవారం కాలేజీ లేక నేనూ ప్రార్థనకి వెళ్ళాను. పాట మధ్యలో అమ్మ వణకడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా చెమట, కళ్ళు ఎటో చూస్తున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పక్కనున్న వాళ్ళు ఆత్మ దిగిందనుకున్నారు. వాళ్ళని అనడానికి లేదు, ఆ గదిలో వణుకంటే అర్థం అదే. చప్పట్లు పెంచారు, పాట పెంచారు. "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఒకావిడ ఏడ్చేసింది కూడా. నేనూ అదే అనుకుని చేతులు జోడించాను. అమ్మ నా మీదకి ఒరిగితే చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది.

అప్పుడు అరిచాను. చర్చి ఆవరణలోనే కాపురముండే వాచ్‌మన్ భార్య పరుగున వెళ్ళి వాళ్ళింట్లోంచి బెల్లం తెచ్చింది. వాళ్ళత్తకీ షుగరు ఉందిట, తినకుండా మాత్ర వేసుకుంటే అది పడిపోయి ఇలాగే అవుతుందిట. నేను నోట్లో పెట్టబోతే అమ్మ పళ్ళు బిగపట్టింది. ఆ స్థితిలో కూడా, "ఉపోషం పోద్దే" అంది. దవడలు నొక్కి పెట్టాను. కాసేపటికి నన్ను గుర్తుపట్టి, "జుట్టు దువ్వుకోకుండా వచ్చేవేటే" అని అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మార్కెట్‌కి ఫోన్ చేయిస్తే నాన్న వచ్చేసరికి అంతా సర్దుకుంది. గుమ్మంలో నిలబడి అమ్మని చూశాడు. చేతులకి, చొక్కాకి ఇంకా బెల్లం జిగట అలాగే ఉంది. ఆ చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు.

మాత్ర వేసుకుంటే వేళకి తినాల్సిందేనని, ఇక ఉపవాసాలు కుదరవని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మ ప్రార్థనకే వెళ్ళడం మానేసింది. తిని వెళ్ళొచ్చు కదా అన్నాను.

"ఆళ్ళందరూ కడుపు మాడ్చుకుని కూకుంటే, నేను తినీసి పోయి పాట ఎత్తాలేటి?" అంది.

వేళకి తింది. షుగరు దిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు. మనిషి మాత్రం మునుపటి మనిషి కాదు. శుక్రవారం కూడా మిషను తొక్కేది, తొక్కుతూ ఎవరి మీదో ఒకరి మీద విసుక్కునేది. ఒక జాకెట్టుకి కుడిచేతిని ఎడమకి, ఎడమచేతిని కుడికి కుట్టేసింది. అమ్మ చేతిలో అలాంటి తప్పు ఎప్పుడూ జరగలేదు. జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని, కుట్లు విప్పకుండా, అలా చూస్తూ కూర్చుంది. ఈవిడ ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు భయం వేసింది.

ఆ రోజు నాన్న అన్నం తింటూ తింటూ ఆగి, "ఒసే, నీ ఉపోషం నేనుంటాను. నువ్వు తినీసి ప్రార్థన సేసుకో" అన్నాడు.

అమ్మ చాలా రోజులకి నవ్వింది. "మీరా? ఉపోషమా?"

"ఆకలి నాది, ప్రార్థన నీది. ఇద్దరం కలిత్తే ఒకటి అవదేటి?"

అమ్మ ఆ మాట పట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన బైబిలు తిరగేసి, ఇలా చెయ్యమని ఎక్కడా లేదమ్మా, చెయ్యొద్దని కూడా ఎక్కడా లేదు అన్నాడు. అమ్మకి అంత చాలు.

అలా శుక్రవారాలు మళ్ళీ వచ్చాయి. మిషను మీద చీర, ఒంటి మీద తెల్ల చీర. మధ్యాహ్నానికి కాటా పని తగ్గేది కాబట్టి నాన్న ఇంటికొచ్చి, నేను కట్టిన టిఫిను డబ్బా పట్టుకుని చర్చి వరండాలో కూర్చునేవాడు. వేళకి అమ్మ బయటికి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, సిగ్గుపడుతూ తిని లోపలికి వెళ్ళేది. పక్కింట్లోంచి చేపల పులుసు వాసన వస్తుంటే ఆయన కళ్ళు మూసుకునేవాడు. అది చూసి లోపలి ఆడవాళ్ళు, "బావగారికి ఆత్మ దిగినట్టుందప్పా" అని అమ్మని ఆటపట్టించేవారు.

ఒక శనివారం పొద్దున్న బట్టలు ఉతకబోతూ అమ్మ ఆగిపోయింది. నాన్న శుక్రవారం వేసుకున్న చొక్కా మీద చీమల బారు. జేబు లోపల బెల్లం కరిగి అట్టకట్టి ఉంది.

"ఇదేటి?" అని చొక్కా ఆయన ముందు పట్టుకుంది.

నాన్న చూసి, "బెల్లం మార్కెట్లో పన్జేసినోడి జేబులో బెల్లం కాక బంగారం ఉంటాదేటి" అన్నాడు.

"తినీసి ఉపోషమని సెప్తన్నారా? నా ప్రార్థన మీకు ఆటలాగుందా?"

ఆయన ఇంకేదో హాస్యమాడబోయాడు గానీ అమ్మ మొహం చూసి మానేశాడు. తినలేదని మాత్రం చెప్పలేదు. ఆ నిజమేదో ఒక్క ముక్కలో చెప్పేస్తే పోయేదానికి ఎందుకు బిగుసుకున్నాడా అని నాకు ఒళ్ళు మండింది. అమ్మ ఆ వారమంతా ఆయనకి కంచం పెట్టింది గానీ మాట పెట్టలేదు. ఇంకొకళ్ళ ఆకలిని నమ్ముకోవడం నాదే బుద్ధి తక్కువ, నా ఉపవాసం నేనే ఉంటానని నాతో అంది. శుక్రవారం పొద్దున్న ఏమీ తినకుండా మాత్ర వేసేసుకుంది. నేను చూసేసరికే గొంతు దిగిపోయింది.

నేను కాలేజీ మానేసి వెనకే వెళ్ళాను. మధ్యాహ్నం నాన్న ఎప్పటిలాగే డబ్బాతో వచ్చి కూర్చున్నాడు. అమ్మ బయటికి రాలేదు. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. వచ్చింది గానీ డబ్బా ముట్టుకోలేదు. నుదుటి మీద చెమట అప్పుడే పడుతోంది.

నాన్న జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. విప్పితే నిమ్మకాయంత బెల్లం ముక్క. పంటిగాటు లేదు. అమ్మ చేతిలో పెట్టాడు.

"ఇది ఎవరికనుకున్నావే?" అన్నాడు. "ఆవేళ నువ్వు పడిపోతే నేనేటి సేత్తన్నాను? బెల్లం తూయిత్తన్నాను. ఊరందరికీ పంపే బెల్లం నా సుట్టూ ఉంది. నీ నోట్లో ఎట్టడానికి నా సేతిలో పలుకు లేదు. ఎవులింట్లోదో తెచ్చి ఎట్టేరు. అప్పట్నించి జేబులో లేకుండా బయటికెల్లలేదు నేను. నోటితో అంటే మళ్ళీ ఎక్కడ జరుగుద్దోనని అనలేదు."

అమ్మ అరచేతిలో ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎంత ఆకలేసినా ముట్టకుండా, ప్రతి శుక్రవారం ఈ మనిషి దాన్ని గుండెకి ఆనించి కూర్చున్నాడు. బెల్లం లేకపోతే పూట గడవని మనిషి. వెనక బెంచీలో నిద్రపోయే మా నాన్నకి భక్తి లేదని మళ్ళీ ఎప్పుడూ అనుకోలేదు నేను.

అమ్మ ముందు ఆ బెల్లం చిన్న ముక్క కొరికింది. తర్వాత డబ్బా మూత తీసి అన్నం కలుపుకుంది. నాన్న ఓరగా డబ్బాకేసి చూసి గుటక వేశాడు. అది చూసి అమ్మ, "ఇటు సూడకండి, సాయంత్రం దాకా మీ వంతు" అంది.

ఆ రాత్రి మామూలుగానే తిన్నాం, మామూలుగానే పడుకున్నాం. మర్నాడు అమ్మ అర్జెంటు జాకెట్లన్నీ పక్కన పెట్టి మిషను ముందు కూర్చుంది. నాన్న చొక్కాలన్నిటికీ లోపలివైపు ఇంకో జేబు కుట్టింది, కరిగినా పైకి అంటకుండా అడుగున ప్లాస్టిక్ కాగితం వేసి.