ఇద్దరు లిప్పోలు

ఎర్సీలియా ముప్పై ఏళ్లు ఒక కొండ ఊళ్లో ఉత్తరాలు పంచింది. పదవీ విరమణ తర్వాత ఆ ఉత్తరాల మీది ఇంటిపేర్లు ఎక్కడ పుట్టాయో పాత దస్తావేజుల్లో వెతకడం మొదలుపెట్టింది. పెలకానీ ఇంటివాళ్ల గురించి మూడేళ్లు కష్టపడి నలభై పేజీలు రాసింది. ఆదివారం వాళ్ల వంశమంతా భోజనానికి కూడినప్పుడు అది చదవాలి.

గురువారం ఉదయానికి ఆ నలభై పేజీలూ కుప్పకూలాయి. ఆ ఇంటిపేరు మొదట మోసినవాడు తోళ్లు పదును చేసే లిప్పో అని రాసుకుంది. 1371లో ఒక దస్తావేజులో అతను, నూతో కొడుకుగా, సాక్షి. ఊరి మఠం వాళ్ల చావుల పుస్తకంలో మాత్రం అదే నూతో కొడుకు లిప్పోను 1348లో, మహమ్మారి నాడు, గోడ పక్కన పూడ్చారు.

"చచ్చి ఇరవై మూడేళ్లయినవాడు సాక్ష్యం ఎలా చెబుతాడమ్మా?" కాగితాలు బల్ల మీద విసిరేసింది.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి తలెత్తలేదు. "నువ్వు చెప్పట్లేదూ?"

"నేను చచ్చానా ఏమిటి?"

"నీకు ముందు పుట్టింది పోయింది. దాని పేరే నీకు పెట్టాం. ఏటా సమాధి మీద పూలు పెట్టొస్తావు, రాయి మీద ఎవరి పేరుందో చూడవుటే?"

ఎర్సీలియా విసిరేసిన కాగితాలను మళ్లీ దగ్గరికి లాక్కుంది. పోయిన బిడ్డ పేరును తర్వాతి బిడ్డకు పెట్టడం ఈ ఊళ్లో ఎరగనివాళ్లెవరు? ఆ మఠంలో గోడ పక్కన పూడ్చేది పసివాళ్లనే. ఇదీ తెలుసు తనకు! అయినా ఇద్దరన్నదమ్ములను కలిపి ఒక్కణ్ని చేసేసింది.

ఫోన్ మోగింది. ఇనుప సామాన్ల కొట్టు ఎజీడియో పెలకానీ.

"ఏవమ్మా, మా మూలపురుషుణ్ని యోధుణ్ని చేసి గుర్రమెక్కించావా లేదా?"

"ఆదివారం చదవను. తప్పు రాశాను. లిప్పోలు ఇద్దరు."

"ఇద్దరా? మరీ మంచిది! నలభై మందిని పిలిచాను, ఆడిపోసుకుంటారే బాబూ. ఉన్నదే చదివెయ్, ఎవడు చూడొచ్చాడు?"

"పెద్దవాణ్ని మింగేసి తమ్ముణ్ని చదవమంటావా?"

"ఆ పెద్దవాడు యుద్ధంలో పోయాడా?"

"పసివాడు, ఎజీడియో! పసివాడు! వాడికి గుర్రమేమిటి, నీ తలకాయ!"

"సరేలే," అన్నాడు ఎజీడియో గొంతు తగ్గించి, "ఎప్పటికవుతుంది?"

"తమ్ముడు ఎప్పుడు పుట్టాడో దొరికినప్పుడు."

ఫోన్ పెట్టేసి, తొమ్మిదో పేజీ మొదలుకొని ఎర్ర పెన్సిలుతో కొట్టేసుకుంటూ పోయింది. ముప్పై ఒకటో పేజీ దగ్గర పెన్సిలు విరిగింది. తల్లిని తిట్టలేక పెన్సిలును తిట్టి, ఇంకొకటి చెక్కింది.