వంటింటి కేకకీ అక్షరాలు

టీచర్లూ, మీరు చెవులు వినపడే పిల్లల కోసమే పాఠాలు రికార్డు చేస్తారు. పైగా వాటిని అందరి పాఠాలంటారు. కోపమొచ్చిందా? రానివ్వండి. ఈ మాట మిమ్మల్ని ఎదురుగా అడిగే మనిషి, మా నౌపడ సోషల్ మేస్టారు, మొన్నీమధ్య పోయారు. ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను. నవ్వొస్తోంది. తప్పు ఆయనదే.

రిటైరయ్యాక ఆయన ఇంట్లో కూర్చుని ఫోన్లో పాఠాలు చెప్పేవారు. బడిలో వాటిని టీవీకి తగిలించి వినిపించేవారు. తెర మీద ఒక బొమ్మ, వెనక ఆయన గొంతు, అంతే. ఒకరోజు భావనపాడు నుంచి చేపలమ్మే ఆవిడ ఆయన గుమ్మంలో గంప దించింది.

"మేస్టారూ, మా గుంటకి సెవులు వినపడవు గదా. మీ టీవీని సూసినా అదే, గోడని సూసినా అదే. ఈ ఏడు టెన్తు ఎలా గట్టెక్కుతాది?"

ఆ రోజే మొదలుపెట్టారు. ఒక్కో పాఠం వింటూ, ఆపుతూ, ప్రతి మాటా తెర కింద పడేలా టైపు చేశారు. బడిలో ఒకాయన ఉచిత సలహా ఇచ్చాడు: "ముఖ్యమైన పాయింట్లు వేస్తే చాలదా?"

"ముఖ్యమైనవేటో తేల్సడానికి నువ్వెవుడివి బావూ? నీకు వినపడిందల్లా దానికి కనపడాల."

అన్నంత పనీ చేశారు. ఉప్పుమళ్ల పాఠంలో ఆయన, "మా ఆవిడ కూరలో ఏసే ఉప్పుతో ఇంకో మడి కట్టొచ్చు" అన్నారు. వెంటనే వంటింట్లోంచి కేక: "రేపట్నుంచి సప్పిడి కూరే తినండి!" ఇంకొకరైతే కత్తిరించేవారు. ఈయన ఆ కేకనీ టైపు చేశారు. తొందర మనిషి కదా, అక్షరాలు గొంతు కంటే కాస్త ముందే పడేలా పెట్టేశారు.

బడిలో మిగతా పిల్లలు దిక్కులు చూస్తూ వింటున్నారు. తెర మీంచి చూపు తిప్పనిది చేపలావిడ కూతురు ఒక్కతే. పక్కున నవ్వింది. "ఏటే, ఏటైనాది?" అని అందరూ తిరిగేసరికి, టీవీలోంచి కేక వినపడింది. గదంతా గొల్లుమంది. ఆ రోజు బడికొచ్చిన మేస్టారు ఫోన్ తీసి తప్పు దిద్దబోతే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది, వద్దని తలూపింది.

"సర్లేయే, నువ్వే ముందు నవ్వు" అని ఫోన్లో టైపు చేసి చూపించారాయన. మరి దిద్దలేదు.

పెద్దకర్మ నాడు మేస్టారి భార్య ఆ పాఠమే పెట్టమంది. ఆ పిల్ల ముందు నవ్వింది. తరవాత కేక వినపడింది. తన కేక తనే విని ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

ఇంకా సగం పాఠాలకు అక్షరాలు లేవు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అందుకని అడుగుతున్నాను, బతిమాలడం లేదు:

మిగిలిన పాఠాలు పంచుకుని టైపు చెయ్యండి.

అక్షరాలు లేని పాఠం బడిలో పెట్టకండి.

జోకులు తియ్యకండి. వంటింటి కేకలూ తియ్యకండి.

ఉప్పుమళ్ల పాఠంలో ఆ తప్పు దిద్దకండి. ఆ పిల్లని ముందు నవ్వనివ్వండి.