కరెంటు లేని పెట్టె

దయ్యం అన్న మాట వింటే నాకు భయం కాదు, చిరాకు. ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే ఇలాంటిది రాయాల్సి రావడం నా ఖర్మ.

మార్కాపురంలో మాది ఎండుమిర్చి, చింతపండు వ్యాపారం. దుకాణం వెనక సరుకు దాచే చల్లగది ఉంది. నాయన తలుపు వేయడం మరిచిపోతున్నాడని, దానంతటదే పడే ఎలక్ట్రానిక్ తాళం పెట్టించాను. దాన్ని నడిపేది ఆఫీసు గదిలోని చిన్న కంప్యూటర్ పెట్టె. ఎక్కడినుంచైనా అందులోకి లాగిన్ అయి తలుపు తీసేలా ఒక ప్రోగ్రాం రాసుకున్నాను.

ఆయుధపూజ రోజు నేను గిద్దలూరులో అత్తగారింట్లో ఉన్నాను. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. నాయన తలుపుకు మూట అడ్డం పెట్టి, లోపలి మోటారుకు బొట్టు పెట్టడానికి పోయాడట. మూట జారి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. లోపలి పిడి పట్టుకుపోయి కదలడం లేదు. పూజకని ఒంటిమీద పంచె, కండువా తప్ప ఏమీ లేవు. ఆఫీసు గది తాళంచెవులు ఆయన మొలలోనే ఉన్నాయి. తలుపు పగలగొట్టేవాళ్ళ కోసం పక్కింటాయన పరిగెత్తాడు. నాయనకు అసలే ఆయాసం.

ప్రోగ్రాం నడిపాను. జవాబు లేదు. ఎంతసేపు ఎదురుచూడాలో ఆ గడువు పెంచాను. ఎన్నిసార్లు ప్రయత్నించాలో అదీ పెంచాను. కనెక్షన్ తెగకుండా మధ్యమధ్య పలకరించే ఆప్షన్ పెట్టాను. ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు: అవతలిది మా పెట్టేనని రహస్య గుర్తు సరిపోలితేనే కలవాలి, లేకపోతే ఆగిపోవాలి.

ఫోన్లో తలుపు బాదుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది.

"నాయన పలకడం లేదురా," అంది అమ్మ.

మళ్ళీ నడిపాను. ఈసారి కలిసింది. గుర్తు సరిపోయింది. తలుపు తీయమని పంపాను. తెరుచుకుందిరా అని అమ్మ బావురుమంది.

నాయన కాస్త తేరుకుని, ఆఫీసు గది తెరిచి తనే ఫోన్ చేశాడు.

"ఎట్ల తీసినావురా? చల్లగది తలుపు తెరిచి పెట్టినాక, పూజకని పెట్టె ప్లగ్గు నేనే పీకినా. ఇదిగో, నా చేతిలోనే ఉండాది."

ఆయుధపూజకు అన్నీ ఆపి బొట్లు పెట్టడం మా ఇంట్లో అలవాటు. చల్లగది మోటారు ఒక్కటే, సరుకు చెడుతుందని ఆపరు. ఆ పెట్టెకు బ్యాటరీ లేదు. కొన్నది నేనే, నాకు తెలుసు.

లాప్‌టాప్ వైపు చూశాను. కనెక్షన్ తెగలేదు. పలకరింపు పోతోంది, జవాబు వస్తోంది. నాయన ప్లగ్గు పట్టుకుని ఫోన్లోనే ఉన్నాడు. లాప్‌టాప్ మూసేశాను.

తెలిసిన ఇంజనీర్లందరినీ అడిగాను. ఎక్కడో పొరపాటు పడి ఉంటావన్నారు. పడితే బాగుండు. నాయన ప్రాణం నిలబెట్టినదాన్ని తలుచుకుని వణకడం సిగ్గే. కానీ ఆ రోజు తలుపు తీయమని నేను అడిగింది ఎవరినో నాకు ఇప్పటికీ తెలియదు.