నాయన ఊపిరికి రెండు రకాల గాలి

ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డలో గురకను జబ్బుగా లెక్కవేసిన వాళ్లు లేరు. తిన్నది ఒంటికి పట్టిందనడానికి అదే గుర్తని మా అవ్వ నమ్మకం. ఆ లెక్కన బళ్లో అయ్యవారైన మా నాయన ఊరందరికంటే ఆరోగ్యవంతుడు. ఆదివారం చర్చిలో ప్రసంగం మొదలైన కాసేపటికే మగవాళ్ల వైపు నుంచి ఆయన గురక వినిపించేది. అందరూ ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ గురక మధ్యలో టక్కున ఆగిపోయేది, దాంతోపాటు ఊపిరీ ఆగేది. ఆడవాళ్ల వైపు కూర్చుని నేను వేళ్ల మీద లెక్కపెట్టేదాన్ని. పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై. అప్పుడు నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ఉలిక్కిపడి ఊపిరి అందుకునేవాడు. ఎవరికైనా చెబుదామంటే నోరు పెగిలేది కాదు (పక్కింటికి పోయి తోడుకు మజ్జిగ అడగడానికే నాకు అరగంట ధైర్యం కావాలి). అందుకని డైరీలో రాసుకునేదాన్ని. "నంద్యాలలో డాక్టరుకు చూపించుకోరాదా" అని అమ్మ అంటే, "గురకకు డాక్టరేంది, నగుతారు" అని నాయన కొట్టిపారేసేవాడు.

అట్లాంటి సమయంలో లైబ్రరీలో ఒక వారపత్రికలో చిన్న ముక్క చదివాను. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరాడని వాళ్లకు విదేశాల్లో ఒక యంత్రంతో ముక్కుగుండా ఒత్తిడితో గాలి పంపుతున్నారట, ఆ గాలికి గొంతు తెరుచుకునే ఉంటుందట. గాలి ఒకే తీరుగా వీస్తూ ఉండాలా, ఊపిరి ఊపిరికీ కొట్టాలా అన్నది మాత్రం రాయలేదు. అది తేల్చే పని నా మీద వేసుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం నాయన సంగటి తిని వరండాలో వెల్లకిలా పడుకోగానే ముఖానికి జానెడు దూరంలో టేబుల్ ఫ్యాను పెట్టాను. డైరీలో ఆనాటి ఫలితం: "ఫ్యాను: ఊపిరి ఆరుసార్లు ఆగింది. నిద్రలోనే దుప్పటి అడిగినాడు." మరుసటి ఆదివారం రెండో పద్ధతి. సైకిలు పంపు గొట్టం ముక్కు దగ్గర పెట్టి ఒక్కసారి కొట్టాను. "పంపు: ఊపిరి ఆగలేదు. నిద్ర ఆగింది."

నాయన లేచి కూర్చుని ముక్కు తుడుచుకున్నాడు. "ఏంది మే, నన్ను సైకిలు టైరనుకుంటివా?"

డైరీ తెచ్చి చేతికిచ్చాను. నవ్వుతూనే చదివాడు, నవ్వుతూనే పేజీలు వెనక్కి తిప్పాడు. "ఇరవై దాకా లెక్కపెట్టినా. ఇంక రాదనుకున్నా" అని ఒకచోట రాసి ఉంది. అక్కడ నవ్వు ఆపాడు.

"ఎన్నాళ్ల నుంచి లెక్కపెడతాండావు?"

"పోయిన ఏడాది నుంచి, నాయనా."

డైరీ మూసి, గడపలో నిలబడ్డ అమ్మ వైపు తిరిగి, "రేపు పాపను తోడుకోని నంద్యాలకు పోతా" అన్నాడు.

నంద్యాల డాక్టరు డైరీ అంతా చదివి, పత్రికలో రాసిన ఆ యంత్రాన్ని తనూ కళ్లతో చూడలేదన్నాడు. ఒళ్లు తగ్గించమని, పక్కకు తిరిగి పడుకోమని నాయనకు చెప్పి, "పంపు మటుకు సైకిలుకే ఉండనీమ్మా" అన్నాడు నాతో. తిరుగు బస్సులో నాయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నా లెక్క ఆగితే ఆయన ఊపిరి కూడా ఆగుతుందని అప్పట్లో నా గట్టి నమ్మకం. అందుకని లెక్క మొదలుపెట్టాను గానీ, దారిలో ఎక్కడో నేనే నిద్రపోయాను. ఆళ్లగడ్డలో మెలకువ వచ్చేసరికి నా సాయం ఏమీ లేకుండానే ఆయన హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడు. అంత సంతోషంలోనూ కొంచెం చిన్నబుచ్చుకున్నానని ఇప్పుడైతే ఒప్పుకోగలను.