పిట్టకు పెట్టే రోజున ఘనపూర్‌కు

దసరా సెలవుల్లో వెళ్ళాల్సిన ప్రయాణం ఇది. దారి, బస, తిండి అన్నీ ముందే నిర్ణయించి పెట్టినవాడు సమ్మయ్య. మా యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చిన విదేశీ విద్యార్థులు చార్మినార్ చూసి, బిర్యానీ తిని, ఇండియా చూసేశామనుకుంటారని అతనికి మహా మంట. "గిదా దేశమంటె? మా ఘనపూర్ దిక్కు రాండ్రి. చెరువులు సూపెడ్త, అడివి సూపెడ్త, రామప్ప గుడి సూపెడ్త" అని ఊరించేవాడు. ఊరించిన మనిషి లేకుండా ఆ దారిన వెళ్తామని మేం అనుకోలేదు.

మేం అంటే ముగ్గురం. దావిత్ ఇథియోపియా నుంచి వచ్చి వ్యవసాయశాస్త్రం చదువుతున్నాడు, సమ్మయ్య రూమ్మేటు. రెండేళ్ళు అతని పక్క మంచం మీద పడుకుని తెలుగు నేర్చుకున్నాడు. పుస్తకం ముట్టలేదు, సమ్మయ్య ఏదంటే అదే అన్నాడు. అందుకే అతని నోట అచ్చం ఘనపూర్ మాట పలుకుతుంది. బోలోర్ మంగోలియా అమ్మాయి, హాస్టల్లో నా పక్క గది. నేను సుధని, తూర్పు గోదావరి నుంచి వచ్చినదాన్ని. మా ముగ్గురిలో తెలుగు నా సొంత భాష అయినా, ఆ ప్రయాణంలో నోరు విప్పడానికి భయపడింది నేనే. అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. నోరు తెరిస్తే ముందు నా జిల్లా బయటపడేది.

సమ్మయ్య వానలో తడుస్తూ ప్రతి సభకూ వెళ్ళాడు. జ్వరం వచ్చినా లెక్కచేయలేదు. దవాఖానలో చేర్చేసరికే ఆలస్యమైందన్నారు. ఊళ్ళో తల్లికి చెబుదామంటే ఒప్పుకోలేదు. "బస్సుల్లేవు. చెప్తె నడుసుకుంటనన్న బయలెల్లుతది" అన్నాడు. అయినా రోజూ సాయంత్రం ఆమెకు ఫోన్ చేసే అలవాటు మానలేదు. సెలైన్ ఎక్కుతుండగానే "అవ్వా, తిన్నవా?" అని అడిగేవాడు. అటునుంచి ఆమె "తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అనేది. "తిన్న" అనేవాడు. పక్కన బత్తాయి రసం గ్లాసు ముట్టకుండా అట్లాగే ఉండేది. ఒక రోజు ఫోన్ చేయలేకపోయాడు, మర్నాడు మనిషే లేడు. అతని పెదనాయన కొడుకు రాజన్న వచ్చి అంబులెన్సులో ఊరికి తీసుకెళ్ళాడు. అందులో మాకు చోటు లేదు.

నాలుగో రోజున రాజన్న ఫోన్ చేశాడు. "రేపు ఐదొద్దులు. పిట్టకు పెడ్తున్నం. దావీదుకు చెప్పు, వాడు మా వానికి అన్నదమ్ముడసుమంటోడు" అన్నాడు. పోయిన ఐదో రోజున చేసే ఈ పిట్టకు పెట్టడం, మా గోదావరి వైపు కాకికి పిండం పెట్టడం లాంటిదే. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళెవరూ తినరు. రాకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అదేమిటో ఊహించి, తీరుస్తామని ఒక్కొక్కరే మాట ఇస్తారు. ఇదంతా విని దావిత్ "గట్లయితె నేను గూడ పిట్ట ముట్టేదాక తినను" అన్నాడు. నువ్వు ఇంటివాడివి కాదుగా అనబోయి ఊరుకున్నాను.

బస్సులు లేవు కాబట్టి తెల్లవారుజామున సికింద్రాబాదులో ప్యాసింజర్ ఎక్కాం. మామూలు రోజైతే వరంగల్‌లో దిగి, ములుగు బస్సెక్కి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఘనపూర్ చేరొచ్చు. రైలు టికెట్టు మనిషికి నలభై రూపాయలు కూడా కాదు. కానీ జనగామలో రైలు ఆగిపోయింది. పట్టాల మీద వంటావార్పు. అంటే నిరసనగా జనమంతా దారికడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తింటారు. ఇంజను ముందే పెద్ద గంజులో ఉప్మా ఉడుకుతోంది. ఒకపక్క డప్పులు, ఒకపక్క పాటలు. మా పెట్టెలో వాళ్ళందరూ దిగి, ఆకులు పట్టుకుని వరసలో కూర్చున్నారు.

వడ్డిస్తున్న ఒకామె నా ముందు ఆగి "ఎవలమ్మా మీరు? యాడికి?" అని అడిగింది.

"ములుగు దగ్గరికండీ" అన్నాను. ఆ 'అండీ' నోట్లోంచి జారిపోయాక ఇక చేసేదేముంది! చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు.

"ఆంధ్రామెవా?"

"అవునండీ." మళ్ళీ అదే. నా నాలుకను నేనే తిట్టుకున్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఆకులో ఇంకో గరిటె ఉప్మా వేసింది. "తిను. తిండికాడ మాకు లొల్లి లేదు. మా లొల్లంత ఢిల్లీతోని." అందరూ నవ్వారు.

దావిత్ మాత్రం ఆకు పుచ్చుకోలేదు. "నేను ఇయ్యాల తిననక్కా. మా దోస్తుకు పిట్టకు పెడ్తున్నరు. పిట్ట ముట్టినంకనే తింట" అన్నాడు. ఆ నల్లని పొడుగాటి మనిషి నోట ఆ మాట విని ఆమె గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎట్ల పోయిండు అని అడిగింది. అన్నీ విని, వెనక్కి తిరిగి "ఓ పోరగాండ్లు, జర డప్పులాపుండ్రి" అని గట్టిగా అరిచింది. డప్పులు కాసేపు ఆగాయి. ఎందుకు ఆపారో తెలియని వాళ్ళు కూడా నిలబడ్డారు.

రెండున్నర గంటల తర్వాత రైలు కదిలింది. తర్వాత కాసేపటికి వచ్చే స్టేషన్ ఘనపూర్ బోర్డు చూసి బోలోర్ సంచి భుజాన వేసుకుని లేచింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి, ఘనపూర్లు రెండున్నాయి. రైలు పట్టాల మీద ఉన్నది, చిల్పూర్ గుట్ట మీది బుగులు వెంకటేశ్వరస్వామి దగ్గరికి వెళ్ళేవాళ్ళు దిగేది ఇది. మాది ములుగు దాటాక, భూపాలపల్లి తోవలో వచ్చే ఘనపూర్. ఇప్పుడివి వేరువేరు జిల్లాలు గానీ, అప్పుడన్నీ వరంగల్ జిల్లాయే.

ఎదురు సీటులో ఉన్న పెద్దాయన మహబూబాబాదులో హోల్‌సేల్ కిరాణా వ్యాపారి. అందరూ సేటు అనే పిలుస్తున్నారు. హన్మకొండ దగ్గర దారులన్నీ మూసేశారని, వరంగల్‌లో దిగితే కదలలేమని ఆయనే చెప్పాడు. "మాతోని మానుకోటకు రాండ్రి" అన్నాడు. మహబూబాబాదును అక్కడివాళ్ళు మానుకోట అంటారు. "మా ట్రాలీ గూడూరుకు పోతది. ఆడికెల్లి నర్సంపేట, మల్లంపల్లి, ములుగు. తొవ్వ సుట్టే గని ఆగకుంట పోవచ్చు." బందులో ట్రాలీ ఎట్లా నడుస్తుందని అడిగాను. "దుకాణం షట్టర్ దించినమమ్మా, నేనూ జెండా పట్టిన. గని ఉప్పు లేకుంట ఊళ్ళెట్ల తింటయి?" అన్నాడు. నా 'అండీ'ని ఆయన అసలు పట్టించుకోలేదు.

అట్లా ఉప్పు బస్తాల మీద కూర్చుని గూడూరు చేరాం. సేటు మా దగ్గర పైసా తీసుకోలేదు. పత్తి చేలు, మిర్చి తోటలు దాటాక దారికి రెండు పక్కలా టేకు చెట్లు మొదలయ్యాయి. గడ్డి మైదానాల్లో పుట్టిన బోలోర్ ఆ అడవి అంచును చూస్తూ "సమ్మయ్య చెప్పింది తక్కువే" అని ఇంగ్లిషులో అంది. అంతవరకూ తట్టుకున్న దావిత్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పటికే మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పిట్ట ఎప్పుడో ముట్టి ఉంటుంది, అందరూ తిని లేచి ఉంటారు, మనం ఉత్త ఇంటికి వెళ్తున్నాం అనిపించింది నాకు. దావిత్ డ్రైవరును తొందరపెడుతూనే ఉన్నాడు.

గూడూరు నుంచి జీపులో మనిషికి ముప్ఫై రూపాయలు. నర్సంపేట దగ్గర కుర్రాళ్ళు రోడ్డు మీద బండరాళ్ళు పేర్చారు. డ్రైవర్ ఎంత బతిమాలినా కదలలేదు. దావిత్ దిగి "అన్నా, పిట్టకు పెడ్తున్నరే. పోనియ్యరాదు" అన్నాడు. అంతే, ఇద్దరు వంగి రాళ్ళు పక్కకు జరిపారు. ములుగు నుంచి ఆటోలో ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది.

తిని లేచిన ఇల్లు కాదది. ఇంట్లో ఎవరూ లేరు. ఊరి బయట చేనుగట్టున, తుమ్మచెట్టు నీడలో ఊరు సగం కూర్చుని ఉంది. కాస్త దూరంలో మోదుగాకు విస్తరి. అందులో అన్నం, కోడికూర, సర్వపిండి, పక్కన సీసాలో కూల్‌డ్రింకు. చెట్టు మీద కాకులున్నాయి. కిందికి దిగడం లేదు. పొద్దుటి నుంచి ఇదే వరస అని రాజన్న చెప్పాడు. పిల్లలకు చాటుగా ఏదో తినిపించారు. పెద్దవాళ్ళ పెదాలు ఎండిపోయాయి.

మేం చూస్తుండగానే సమ్మయ్య తండ్రి మళ్ళీ లేచి ఆకు ముందు నిలబడ్డాడు. "నీ చెల్లె సదువు మాన్పియ్య బిడ్డా. నువ్వు సదివినంత సదివిస్త. తిను." కాకులు కదల్లేదు. మెడలో గులాబీ కండువాలు వేసుకున్న స్నేహితులు ముందుకొచ్చారు. వాళ్ళలో ఒకడు ఏడుస్తూనే "తెలంగాణ అచ్చుడు పక్కా రా సమ్మీ. అచ్చేదాక ఇండ్లల్ల పండం. తినరా" అన్నాడు. సమ్మయ్యకు అదే ఆఖరి కోరిక అయి ఉంటుందని ఊరంతా నమ్మినట్టుంది, అందరూ తలలెత్తి చూశారు. ఒక కాకి లేచి, ఇంకో కొమ్మ మీద వాలింది.

సమ్మయ్య తల్లి చెట్టు మొదట్లో గోడకు చేరగిలినట్టు చేరగిలి ఉంది. పేరు లచ్చమ్మ. ఐదు రోజులుగా నీళ్ళు తప్ప ఆమె గొంతులోకి ఏమీ దిగలేదట. కళ్ళు మూసుకునే ఉంది, ఆకు వైపు కూడా చూడటం లేదు.

"దావీదూ, నువ్వు దగ్గరి దోస్తువు. వాడు నీకేమన్న చెప్పిండా? నువ్వో మాట అను" అన్నాడు రాజన్న.

దావిత్ ఆకు దగ్గరికి వెళ్ళలేదు. లచ్చమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. అతను నేర్చుకున్న తెలుగంతా సమ్మయ్యదేనని చెప్పాను కదా, ఆ విరుపు, ఆ సాగదీత కూడా సమ్మయ్యవే.

"అవ్వా, తిన్నవా?"

ఆమె ఉలిక్కిపడింది. కళ్ళు తెరవకుండానే, రోజూ అన్నట్టే, "తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అంది.

"తినలే" అన్నాడు దావిత్.

అప్పుడు కళ్ళు తెరిచి అతన్ని చూసింది. అతను చెప్పాడు, తడబడుతూ. "వాడు గూడ తినలేదవ్వా. దవాఖానల ఉండి గూడ తిన్నననే చెప్పిండు. నేను పక్కన్నే ఉన్న. నువ్వు పరేషాన్ అయితవని. వాడు రోజు అడిగేది గదొక్కటే. ఇంకేం అడగలే."

లచ్చమ్మ పెద్దగా ఏడ్చింది. ఐదు రోజుల్లో అదే మొదటిసారని తర్వాత తెలిసింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, "గంజి పట్టుకరాండ్రి" అంది. ఒక పెద్దమనిషి "పిట్ట ముట్టకముందె ఎట్ల లచ్చవ్వా" అనబోయాడు. సమ్మయ్య తండ్రి చేయి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి. ముందుగాల ఆమె తినాలె." గిన్నె వచ్చింది. ఆమె మొదటి గుక్క దావిత్ చేత తాగించింది. తర్వాత తను తాగింది.

పిట్ట ముట్టిందా అని ఈ కథ విన్నవాళ్ళందరూ అడుగుతారు. నేను చూడలేదు. అక్కడున్న ఎవరూ ఆకు వైపు చూడలేదు, అందరం ఆమె గిన్నె వైపే చూస్తున్నాం. కాసేపటికి రాజన్న "ఇగ లేవుండ్రి, తిందురు గని" అన్నాడు, అందరూ లేచారు.

మర్నాడు పొద్దున్నే సమ్మయ్య తండ్రి తువ్వాల భుజాన వేసుకుని వచ్చి "వాడు సూపెడ్తనన్నడట గద, పాండ్రి" అన్నాడు. వద్దంటే వినలేదు. ఘనపూర్ చెరువు చూపించాడు, కోటగుళ్ళు చూపించాడు. విరిగిన రాతి స్తంభాల మధ్య నడుస్తూ, కొడుకు చిన్నప్పుడు ఎక్కడ ఈత నేర్చాడో, ఎక్కడ మేకలు తప్పిపోతే ఏడ్చాడో చెప్పాడు. రామప్పకు కూడా తీసుకెళ్తానన్నాడు గానీ, అడుగు తడబడుతుంటే మేమే వెనక్కి తిప్పాం. ఆ చెరువు ఒడ్డున నిలబడి నాకు సమ్మయ్య మీద కోపం వచ్చింది, మాకు చూపించకుండా పోయినందుకు.

ఆ ప్రయాణం తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను. ఒక చోటును చూడటమంటే అక్కడి గుళ్ళనూ నీళ్ళనూ చూడటమని మాత్రం ఇప్పుడు అనుకోలేను. దావిత్ డిగ్రీ పూర్తిచేసుకుని తన దేశం వెళ్ళేదాకా రోజూ సాయంత్రం ఘనపూర్‌కు ఫోన్ చేశాడు, వెళ్ళేముందు ఆ పని నాకు అప్పగించాడు. రాష్ట్రం వచ్చిన రోజున లచ్చమ్మకు నేనే ఫోన్ చేశాను. "అచ్చిందట గద బిడ్డా" అంది. తర్వాత "తిన్నవా?" అంది. "తిన్నానండీ" అన్నాను. నిజంగా తినే ఫోన్ చేశాను, ఆమెకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

ఇట్లాంటి ప్రయాణం చేయాల్సి వస్తే ఒక్క సంగతి తెలుసుకుని వెళ్ళండి. చావింటి నుంచి వచ్చేటప్పుడు "పోయొస్తాం" అని చెప్పకూడదు, మాట్లాడకుండా లేచి వచ్చేయాలి. ఆ రోజు మేం ఆటో ఎక్కబోతుంటే దావిత్ వెనక్కి తిరిగి, సమ్మయ్య నేర్పినట్టే, "పోయొస్త అవ్వా" అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ నిశ్చేష్టులయ్యారు. లచ్చమ్మ గడప మీద లేచి నిలబడి "మంచిది బిడ్డా. మల్ల రా, తినిపోదువు" అంది. ఆ ఆనవాయితీ అతనికి దారిలోనే చెప్పాలనుకుని మరిచిపోయాను. మరిచిపోవడమే మేలైంది.