మాసయ్య మేస్త్రి ప్రశ్న

మనిషి కనబడితే చాలు, మా అయిజ మట్టికూలీల గుంపు మేస్త్రి మాసయ్య అడిగేది ఒకటే: "చిన్నగున్నప్పుడు ఏం తిన్నవ్?"

మిగతా మేస్త్రీలు కూలీల జబ్బలు పిసికి చూసేవారు. మాసయ్య బాల్యాన్ని పిసికేవాడు. కాలువ కొలతలు చూడవచ్చిన ఇంజనీరును అడిగాడు. బస్సు కండక్టరును అడిగాడు. ఒక పెళ్లిలో అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకునే అడిగాడు.

"మేస్త్రీ, పిల్లగాడు లగ్గం మీదున్నడు," అన్నారెవరో.

"రేపటి సంది సంసారం మోసేది వీడే గద. తెల్వాలె."

మా గుంపులో నోటి దురుసు మనిషి ఆశీర్వాదం. ఒకసారి, "జీడిపప్పు, బాదం తిన్న" అన్నాడు. "అయితే నువ్వు రాళ్లు మొయ్యి," అన్నాడు మాసయ్య. మరునాడు ఆశీర్వాదం నడుం పట్టుకొని, "గంజి మేస్త్రీ, ఉత్త గంజి!" అని మొత్తుకున్నాడు.

"నిన్న తిన్న బాదం యాడికి పోయింది? రాళ్లే."

అప్పట్లో నేను పల్లీలు కట్టిచ్చిన కాగితం కూడా వదలకుండా చదివేవాణ్ణి. పెరిగే వయసులో పాలు, మేం తైదలనే రాగులు లాంటివి అందకపోతే ఆ లోటు ముసలితనంలో ఎముకల్లో బయటపడుతుందని ఒక పాత పత్రికలో కనబడింది. ఒళ్లు మండింది. మా ఊళ్లో బర్రెలున్న ఇళ్లలో కూడా పాలు పొద్దున్నే క్యానెక్కి అమ్మకానికి పోయేవి. పితికిన ఇంటి పిల్లలు నల్ల చాయ తాగేవారు.

"అన్నీ తెలిసి ఏం చేస్తవ్ మేస్త్రీ, ఊకె అడుగుడేనా?" అని మాసయ్యను నిలదీశాను.

"నువ్వు ఊకె చదువుడేనా?" అన్నాడు.

2004 వేసవిలో మా అమ్మ వెంకటమ్మ వాకిట్లో జారి చేయి ఆనించింది. అంతమాత్రానికే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయి, బరువులెత్తొద్దు అన్నాడు గద్వాల దవాఖాన డాక్టరు. కట్టు విప్పగానే అమ్మ మళ్లీ గుంపును పనికి తీసుకుపోయే లారీ దగ్గరికొచ్చి నిలబడింది. కొడుకు సంపాదన మీద కూర్చుని తినడం ఆమెకు చావుతో సమానం. ఎముకల సంగతి నలుగురికీ తెలిస్తే ఇక ఏ మేస్త్రీ ఆమెను పిలవడు.

మాసయ్య వచ్చాడు. "చిన్నగున్నప్పుడు ఏం తిన్నవ్ వెంకటమ్మా?"

జొన్న గట్క తప్ప ఎరగని మా అమ్మ తలెత్తి, "పాలు, పెరుగు, గడ్డ నెయ్యి" అంది.

లారీ అంతా గొల్లుమంది. "రాళ్లే, రాళ్లే!" అని చప్పట్లు కొట్టాడు ఆశీర్వాదం. నేను నోరు తెరవబోతే అమ్మ నా కాలు తొక్కింది.

మాసయ్య ఆమె చేతివైపు చూడనైనా చూడలేదు. "గట్లనా? నెయ్యి తిన్న నాలుకకే రుచి తెలుస్తది. ఈ గంజినీళ్లోళ్లు వండింది తినలేక సస్తున్న. ఇయ్యాల్టి సంది గుంపు పొయ్యి నీది. కూలి అందరితోని సమానం. నీళ్ల బిందెలు నీ కొడుకు మోస్తడు, ఊకె చదువుతుండు."

లారీ నాగర్‌కర్నూల్ దారి పట్టాక గుంపునంతా ఒకసారి చూశాను. కూలీలకు తాగే నీళ్లందించే ముసలమ్మ. కొలతతాడు పట్టే నడుమొంగిన మనిషి. ఇద్దరూ కరువులో పుట్టి గంజితో పెరిగినవాళ్లే. మాసయ్య వాళ్ల నెత్తికి ఏనాడూ మట్టితట్ట ఎత్తలేదు. అందరినీ అడిగితే ఒక్కరినీ వేలెత్తి చూపినట్టు కాదు.

"ఇందుకేనా మేస్త్రీ, కనబడ్డోళ్లనల్లా అడుగుతవు?"

"గుంతలొస్తున్నయ్, గట్టిగ పట్టుకో," అన్నాడు.

మరునాడు పొద్దున అమ్మ తైద అంబలి కాచింది. అందరికంటే ముందు మాసయ్యే గిన్నె పట్టుకొచ్చాడు. అమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"జర ఆగు మేస్త్రీ. నీ ఒంట్ల బొక్కలు ఎప్పుడో ముదిరినయ్. ముందుగాల పొలగాండ్లు తాగాలె."

మాసయ్య గిన్నె చంకలో పెట్టుకొని, గుంపులోని చీమిడి ముక్కుల పిల్లల వెనకాల వరుసలో నిలబడ్డాడు.