పీకేసిన స్పీకరు వైరు

శాలేమురాజు గారికి నోట్లో నాలుక లేదని బాపట్ల కాలేజీలో అందరం అనుకునేవాళ్లం. నాకు మాత్రం తెలుసు, ఆయన కంప్యూటర్లతో బాగానే మాట్లాడేవాడు, మనుషుల దగ్గరే పొదుపు. ఆయన ల్యాబ్ అసిస్టెంటు, నేను లైబ్రరీ గుమాస్తాను. ఇద్దరిదీ తెనాలే కాబట్టి ఇరవైతొమ్మిదేళ్లు ఒకే పాసింజరు రైల్లో పోయి వచ్చాం. నిడుబ్రోలు దాకా నేను మాట్లాడేవాణ్ణి, ఆయన ఊఁ కొట్టేవాడు. నిడుబ్రోలు దాటాక నాకే విసుగొచ్చి ఊరుకునేవాణ్ణి.

పోయిన ఏడాది ఆయన భార్య కరుణ గారు చనిపోయారు. పిల్లలు లేరు. రెండు గదుల వాటాలో ఒక్కడే ఉంటున్నాడు. అన్నం కుక్కర్లో, కూర కర్రీ పాయింటులో. నేను వెళ్లినప్పుడల్లా రెండో కుర్చీ మీద బట్టల కుప్ప తీసి నన్ను కూర్చోమంటాడు. అవి మళ్లీ నేను వచ్చేదాకా అక్కడే ఉంటాయి. ఇంకెవరూ రావడం లేదని ఆ కుప్పను చూస్తేనే తెలుస్తుంది.

మొన్న నేను అక్కడున్నప్పుడే రేపల్లె నుంచి కరుణ గారి చెల్లెలు సామ్రాజ్యం ఫోన్ చేసింది. ఆవిడ అక్కడి లూథరన్ గుడిలో క్వయరు, అంటే పాటల బృందం, నడుపుతుంది.

"బావగారూ, ఆదివారం అక్క జ్ఞాపకార్థ కూడిక కదండీ. అక్క రాసిన పాట పాడిద్దామని ఉంది. మాటలు నా నోటుబుక్కులో ఉన్నాయి గానీ రాగం ఎవరికీ తెలీదండీ. మీకేమన్నా గుర్తుందా?"

"నేనెప్పుడూ వినలేదమ్మా. పాత కంప్యూటర్లో ఉండాలి," అన్నాడు ఈయన.

భార్య కట్టిన రాగం భర్తకు తెలియకపోవడమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. అడిగితే చెప్పాడు. తొంభై ఎనిమిదిలో కరుణ గారికి గొంతుకు ఆపరేషన్ అయింది. గొంతు బొంగురుపోయి క్వయరు మానేసింది. బళ్లో పిల్లలకు పాఠం చెప్పడానికి వచ్చే గొంతు, పాటకు రాలేదు. అప్పుడు ఇంట్లో ఈయన విడిభాగాలతో బిగించిన కంప్యూటరు ఉండేది. ఆవిడ వేసవి సెలవుల్లో బేసిక్ అనే కంప్యూటరు భాష పుస్తకం చదివి, ఒక్కో స్వరానికీ ఒక్కో అంకె వేసి, తను పాడలేని పాటను దాని చేత పాడించింది.

ఆ కంప్యూటరు బోర్డు ఎప్పుడో కాలిపోయింది. డిస్కు బతికే ఉంది. ఉన్న ల్యాప్‌టాప్ లోపల లేని పాత కంప్యూటర్ని నిలబెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుందట, ఎమ్యులేటర్ అంటారు. మెమరీ ఇంత, డిస్కు ఇది, ఫలానా కార్డు ఉందనుకో అని ఒక వరుసలో రాసిస్తే, అది అలాగే అనుకుని నడుస్తుంది. నడిచింది కూడా. నల్లటి తెర వచ్చింది, కరుణ గారి ప్రోగ్రాం వచ్చింది. పాట మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో పంక్తీ పైకి జరిగాయి. చివర ఒక ప్రశ్న నిలబడింది: VINNARA? Y/N.

శబ్దం మాత్రం రాలేదు.

ఆయన ఎన్ నొక్కాడు. పాట మళ్లీ మొదటి నుంచి మూగగా నడిచింది.

ముప్పై ఏళ్ల ల్యాబు అలవాటు ఊరికే పోతుందా? ఏది పని చేయకపోయినా కొత్త కార్డు గుచ్చడమే ఈయనకు తెలిసిన వైద్యం. ఆ వరుసలో ఒక సౌండు కార్డు రాశాడు. రాలేదు. ఇంకో రకం రాశాడు. బుధవారానికి మూడు కార్డులయ్యాయి.

"ఎటూ ఉత్తుత్తి కార్డులేగా, ఒక ట్రాన్స్‌ఫార్మరు కూడా పెట్టేయండి మాస్టారూ," అన్నాను.

నవ్వలేదు. పాత కంప్యూటర్ల పెట్టెలో కీచుమనే చిన్న స్పీకరు ఉంటుందిగా, దాన్నే అదనంగా చేర్చమని రాశాడు. చేర్చడానికి వీల్లేదని సాఫ్ట్‌వేర్ తిప్పికొట్టింది.

"పోనీ వినేశానని వై నొక్కండి, ఏమవుతుందో చూద్దాం."

"వినకుండా విన్నానని ఎలా నొక్కనండీ?"

శుక్రవారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి కార్డులన్నీ తీసేసి, కాగితాల మీద అచ్చు తీసిన మాన్యువల్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ స్పీకరు బోర్డులో పుట్టుకతోనే ఉందండీ. కొత్తగా చేర్చక్కర్లేదు. దాని శబ్దం ఎటు పోవాలో ఒక్క ముక్క రాసి కలపాలి, అంతే. అది కలపలేదు గనక మూగగా ఉంది." కాగితాలు పక్కకు నెట్టాడు. "మా ఇంట్లో దాని వైరు పీకింది నేనేనండీ."

ల్యాబులో పొద్దంతా కీచు కీచు విని, రైలు దిగి ఇంటికొస్తే, కరుణ గారు స్వరాలు సరిచూసుకుంటుంటే ఇక్కడా అదే గోల. ఒకరోజు విసుగొచ్చి పెట్టె విప్పి వైరు లాగేశాడట. ఆ తర్వాత కరుణ గారు ఒకటి రెండుసార్లు, వైరు పెట్టి ఒకసారి వింటారా అని అడిగింది. రేపు చూద్దాం అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. గొంతు పోయిన మనిషి చేసుకున్న గొంతును పీకేస్తావా అని నోటిదాకా వచ్చింది. ఆయన అప్పటికే కీబోర్డు మీదికి వంగి ఉంటే ఆ మాట మింగేశాను.

ఆ ఒక్క ముక్కా రాసి ప్రోగ్రాం నడిపాడు. వచ్చింది. సన్నగా, కీచుగా, ఒక్కో స్వరమే. అయినా రాగం రాగమే. మూడో పంక్తి దగ్గర అది పైకి వెళ్లి కాసేపు అక్కడే ఆగింది.

సామ్రాజ్యానికి ఫోన్ కలిపి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు. "బావగారూ, ఇంకోసారండీ," అందావిడ. ఆయన ఎన్ నొక్కాడు. ఆవిడ కూనిరాగం తీస్తూ అందుకుంది. ఇంకోసారి. ఐదోసారికి మాటలతో సహా పాడేసింది. ఏడుస్తూనే, "వచ్చేసిందండీ, ఆదివారం పొద్దున్నే రండి," అని పెట్టేసింది.

తెర మీద ప్రశ్న అలాగే ఉంది. ఆయన వేలు చాలాసేపు గాలిలో ఉంది. తర్వాత వై నొక్కాడు.

SARE. RANDI, ANNAM TINDAM.

"ఆఁ, వస్తున్నా," అంటూ ఆయన సగం లేచాడు. వంటింటి వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు.